ఆలస్యంగా మొదలయ్యే సంపాదన: బెంగళూరులో తెలుగు యువ డాక్టర్ల డబ్బు లెక్క

కర్నూలులో ఒకే జూనియర్ కాలేజీలో చదివిన ఇద్దరిని తీసుకుందాం. ఎంపీసీ అబ్బాయి ఇంజినీరింగ్ అవగానే 22 ఏళ్లకు బెంగళూరు వచ్చి మారతహళ్లిలో హాస్టల్ గదిలో దిగాడు. మరుసటి నెల నుంచే జీతం. బైపీసీ అమ్మాయికి లాంగ్‌టర్మ్ కోచింగ్ ఏడాది, ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఏడాది, నీట్ పీజీ కోసం ఇంకో ఏడాది, ఆ తర్వాత పీజీ మూడేళ్లు. మధ్యలో కౌన్సెలింగ్ ఆలస్యాలు, ఫలితాల కోసం ఎదురుచూపులు కలిపితే, ఆమె మొదటి పూర్తి జీతం అందుకునేసరికి 30 నిండుతాయి. సూపర్ స్పెషాలిటీ చేయాలనుకుంటే మరో మూడేళ్లు. పండక్కి మడివాళలో ఒకే బస్సెక్కి ఊరికి వెళ్లే ఈ ఇద్దరిలో ఒకరి దగ్గర ఎనిమిదేళ్ల సంపాదన ఉంది, ఇంకొకరి పేరు మీద ఏళ్ల తరబడి పెరిగిన అప్పు ఉంది.

"డాక్టర్లకేం తక్కువ, చేతినిండా సంపాదిస్తారు" అని బంధువులు అంటూనే ఉంటారు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. స్పెషలిస్టు డాక్టర్లలో చాలామంది 40 ఏళ్లు దాటాక మంచి ఆదాయమే చూస్తారు. అయితే యువ డాక్టర్‌కి ఇబ్బంది సంపాదన ఎంత అన్న దగ్గర రాదు, అది ఎప్పుడు మొదలవుతుంది అన్న దగ్గర వస్తుంది. చేతికి రూపాయి రాకముందే పెద్ద నిర్ణయాలన్నీ అయిపోతాయి. ఎంత అప్పు, ఎవరి పేరు మీద, ఏ పొలం తాకట్టు అన్నవి 18 ఏళ్ల వయసులో, కౌన్సెలింగ్ టెన్షన్‌లో, రెండు మూడు రోజుల్లో తేలిపోతాయి.

ఈ ఆలస్యానికి ఖరీదు ఎంతో లెక్క వేయవచ్చు. ఏడాదికి 10 శాతం రాబడి అనుకుందాం. అది హామీ ఏమీ కాదు, పోలిక కోసం పెట్టుకున్న అంకె. ఇంజినీరు 22 ఏళ్ల నుంచి 60 దాకా నెలకు 10,000 రూపాయలు మదుపు చేస్తే సుమారు 5.16 కోట్లు అవుతాయి. అందులో మొదటి ఎనిమిదేళ్లలో వేసిన డబ్బే 60 ఏళ్లకు 2.9 కోట్లయి కూర్చుంటుంది. తర్వాతి 30 ఏళ్లు వేసింది 2.26 కోట్లు మాత్రమే అవుతుంది. ఇది చూసి గుండె జారిపోనక్కర్లేదు. డాక్టర్ 30 ఏళ్లకు మొదలుపెట్టి అదే 5.16 కోట్లకు చేరాలంటే నెలకు దాదాపు 23,000 వేస్తే చాలు. పీజీ పూర్తయిన డాక్టర్ కష్టపడితే అందుకోగల మొత్తమే అది. కానీ "ముందు సెటిల్ అవుదాం, తర్వాత చూద్దాం" అని 35 దాకా ఆగితే నెలకు దాదాపు 39,000 వేయాల్సి వస్తుంది. మొదటి ఎనిమిదేళ్ల ఆలస్యం చదువు తెచ్చింది, దాన్ని తప్పించుకోలేం. ఆ తర్వాతి ఐదేళ్లు మాత్రం డాక్టర్ చేతిలోనే ఉంటాయి. డబ్బు విషయంలో డాక్టర్లకు ఇచ్చే సలహాలన్నీ ఈ ఐదేళ్ల చుట్టూనే తిరగాలి.

అప్పును నూటికి ఎంత అన్న లెక్కలో చూడటం

ఆంధ్ర, తెలంగాణ నుంచి ఏటా చాలామంది విద్యార్థులు కర్ణాటక ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో, డీమ్డ్ యూనివర్సిటీల్లో సీట్లు తీసుకుంటారు. సొంత రాష్ట్రం కాదు కాబట్టి ప్రభుత్వ కోటా ఫీజు దక్కడం కష్టం. ఎక్కువ ఫీజు సీటే దిక్కవుతుంది. కాలేజీని బట్టి, కోటాను బట్టి ఫీజు చాలా మారుతుంది కాబట్టి ఇక్కడ ఏడాదికి 8 లక్షల చొప్పున ఐదు వాయిదాలు, మొత్తం 40 లక్షలు 10 శాతం వడ్డీకి బ్యాంకు లోన్ తీసుకున్నట్టు అనుకుందాం.

విద్యా రుణంలో చదువు కాలం, ఆ తర్వాత ఒక ఏడాది మారటోరియం ఉంటుంది. అంటే వాయిదా కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం ఆగదు. ఆ కాలంలో బారువడ్డీ లెక్క కడతారు. మొదటి ఏడాది తీసుకున్న 8 లక్షల మీద ఆరున్నరేళ్లు, చివరి ఏడాది తీసుకున్న 8 లక్షల మీద రెండున్నరేళ్లు వడ్డీ నడుస్తుంది. అన్నీ కలిపితే 18 లక్షలు. మారటోరియం ముగిసే రోజుకి 40 లక్షల అప్పు 58 లక్షలవుతుంది. 15 ఏళ్లకు ఈఎంఐ నెలకు సుమారు 62,300. ఆ ఈఎంఐ మొదలయ్యేది ఎప్పుడు? హౌస్ సర్జన్సీ అయిపోయి ఏడాది గడిచాక. అంటే ఆ అమ్మాయి నీట్ పీజీకి చదువుతూనో, పీజీ మొదటి ఏడాది నైట్ డ్యూటీలు చేస్తూనో ఉంటుంది. బ్యాంకు అనుకున్న కాలెండర్‌కీ వైద్యవిద్య కాలెండర్‌కీ పొత్తు కుదరని చోటు ఇదే. చాలా కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటాయి. పీజీలో చేరగానే వాయిదా గడువు పొడిగించమని బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి, మొదటి ఈఎంఐ తప్పకముందే అడగాలి. ఒక్క ఈఎంఐ తప్పినా విద్యార్థి సిబిల్ స్కోరుతో (అప్పులు సరిగ్గా కడుతున్నారా అని బ్యాంకులు చూసే అంకె) పాటు సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రి స్కోరు కూడా పడిపోతుంది. గడువు పొడిగించినంత మాత్రాన వడ్డీ మాఫీ కాదు, 40 లక్షల అసలు మీద మూడేళ్లకు ఇంకో 12 లక్షలు చేరుతుంది.

దీనికి విరుగుడు చిన్నదే, కానీ మొదటి ఏడాదే మొదలుపెట్టాలి. ఇంట్లో వాళ్లు చదువు కాలంలో వడ్డీ వరకు నెలనెలా కట్టగలిగితే అసలు 40 లక్షల దగ్గరే ఆగిపోతుంది. మొదటి ఏడాది ఆ వడ్డీ నెలకు 6,700 మాత్రమే, ఐదో ఏడాదికి 33,300 అవుతుంది. అలా కట్టేవారికి చాలా బ్యాంకులు ఒక శాతం వరకు వడ్డీ తగ్గిస్తాయి. ఈఎంఐ 62,300కు బదులు 43,000 దగ్గర మొదలవుతుంది. మొత్తం కట్టలేకపోయినా మొదటి రెండేళ్ల వడ్డీ కట్టినా మేలే.

అయితే తెలుగు ఇళ్లలో బ్యాంకు లోన్ ఒక్కటే ఉండదు. హాస్టల్ ఫీజుకి, లాంగ్‌టర్మ్‌కి, పీజీ సీటుకి అమ్మ నగలు తాకట్టులో ఉంటాయి. నాన్న తన స్నేహితుడి దగ్గర ప్రామిసరీ నోటు రాసి చేబదులు తెస్తాడు. అది నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 24 శాతం. బ్యాంకు వసూలు చేసే 10 శాతాన్ని ఇదే భాషలో చెబితే నూటికి 83 పైసలు. పది లక్షల చేబదులుకు నెలకు 20,000 వడ్డీకే పోతుంది, అదే పది లక్షలు బ్యాంకులో ఉంటే 8,300. పిల్లలకు టెన్షన్ ఎందుకని పెద్దవాళ్లు ఈ చేబదుళ్ల సంగతి చెప్పరు. కూతురు కొత్త కారు కొనుక్కుని బ్యాంకు ఈఎంఐ శ్రద్ధగా కడుతూ ఉంటుంది, ఊళ్లో తండ్రి రెండు రూపాయల వడ్డీ కడుతూ ఉంటాడు. మొదటి జీతం వచ్చిన నెలలోనే ఇంటిల్లిపాదీ కూర్చుని అప్పులన్నీ ఒక కాగితం మీద రాసుకోవడం ఏ మ్యూచువల్ ఫండ్ ఎంపిక కంటే ముఖ్యమైన పని. తీర్చాల్సిన వరుస కూడా అక్కడే తేలిపోతుంది: ముందు చేబదులు, తర్వాత బంగారం, చివర బ్యాంకు.

ఈ కాగితం ముందు పెట్టుకున్నప్పుడు కొన్ని ఇళ్లలో వినిపించే ఇంకో మాట ఉంది, "పెళ్లిలో వచ్చే కట్నంతో తీరుద్దాంలే" అని. వైద్యుడైన కొడుకు చదువు ఖర్చును ఇంకో ఇంటి ఆడపిల్ల తండ్రి మీద వేయడం అది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద అది నేరం కూడా. అప్పుల జాబితాలో ఆ వరుసకు చోటు ఉండకూడదు.

ఎవరి పేరు మీద లోన్ ఉందన్నది కూడా పన్ను దగ్గర తేడా తెస్తుంది. పాత పన్ను విధానంలో 80ఈ సెక్షన్ కింద విద్యా రుణం మీద కట్టిన వడ్డీ మొత్తాన్ని, పరిమితి లేకుండా, ఎనిమిదేళ్ల వరకు ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అసలుకు ఈ మినహాయింపు లేదు, చేబదులుకు లేదు, కొత్త పన్ను విధానంలో అసలే లేదు. లోన్ తండ్రి పేరు మీదే ఉంటే కూతురు దాన్ని వాడుకోలేదు. ప్రధాన రుణగ్రహీతగా విద్యార్థి పేరు ఉండేలా మొదటి రోజే చూసుకోవాలి.

స్టైపెండ్ రోజులు

హౌస్ సర్జన్సీలో, పీజీలో వచ్చే స్టైపెండ్ పొదుపు చేయడానికి సరిపోదు. ఆ కాలంలో పొదుపు చేయలేదని ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. కొత్త అప్పు చేయకుండా బయటపడితే అదే విజయం. క్రెడిట్ కార్డు బకాయి, మూడు నిమిషాల్లో డబ్బు వేసే లోన్ యాప్ ఈ రోజుల్లో ప్రమాదకరమైనవి. క్రెడిట్ కార్డులో కనీస మొత్తమే కట్టి వదిలేస్తే వడ్డీ నూటికి మూడు రూపాయలు దాటే కార్డులు చాలా ఉన్నాయి.

ప్రైవేటు కాలేజీల్లో స్టైపెండ్ ఎగ్గొట్టడం, తక్కువ ఇవ్వడం అన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2023లో ఒక కేసులో హౌస్ సర్జన్లకు నెలకు 25,000 ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. కాగితం మీద ఇచ్చి వెనక్కి తీసుకుంటారన్న ఆరోపణలు కూడా అక్కడక్కడా వింటుంటాం. అలాంటప్పుడు విద్యార్థి తన పాన్ నంబరుతో ఆదాయపు పన్ను పోర్టల్‌లో తన పేరు మీద నమోదైన ఆదాయం, పన్ను చూపే ఫారం 26ఏఎస్, ఏఐఎస్ చూసుకోవాలి. చేతికి రాని డబ్బు అక్కడ ఆదాయంగా కనబడవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోవడం చిన్న జాగ్రత్తే, అవసరం పడినప్పుడు అదే సాక్ష్యం.

స్టైపెండ్ మీద కాలేజీ టీడీఎస్ (చేతికిచ్చే ముందే పట్టుకునే పన్ను) కోసినా బెంగ పడనక్కర్లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. స్టైపెండ్ దానికి లోపే ఉంటుంది కాబట్టి రిటర్న్ వేస్తే కోసింది తిరిగి వస్తుంది. వేయకపోతే రాదు, అంతే తేడా.

బెంగళూరులో ఇల్లు తీసుకునేటప్పుడు అడ్వాన్స్ గురించి కూడా ముందే అనుకోవాలి. ఇక్కడ పది నెలల అద్దె అడ్వాన్స్ అడిగే పాత అలవాటు ఇంకా పోలేదు. ఐదారు నెలలకు ఒప్పుకునేవారూ ఉన్నారు. 25,000 అద్దె ఇల్లయినా పది నెలలంటే రెండున్నర లక్షలు వడ్డీ లేకుండా ఇంటి ఓనరు దగ్గర ఉండిపోతుంది. పది లక్షలు, పదిహేను లక్షలు ఒకేసారి ఇచ్చి అద్దె లేకుండా ఉండే "లీజు" ఇళ్లు ఇంకా ప్రమాదం. మధ్యవర్తి ఓనరుకు డబ్బు చేర్చకపోతే, ఆ ఇల్లు ముందే బ్యాంకులో తనఖాలో ఉంటే, డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. చదువు అప్పు మీద ఉన్నవారు ఆ దారికి వెళ్లకపోవడమే మంచిది.

మొదటి కాంట్రాక్టు చదవాల్సిన తీరు

పీజీ అయ్యాక బెంగళూరు కార్పొరేట్ ఆస్పత్రిలో చేరే డాక్టర్‌కి రెండు రకాల కాగితాలు ఎదురవుతాయి. ఒకటి జీతం. రెండోది కన్సల్టెంట్‌గా ప్రొఫెషనల్ ఫీజు, దానికి మొదటి ఆరు నెలలకో ఏడాదికో ఎంజీ, అంటే మినిమమ్ గ్యారంటీ. నెలకు లక్షన్నర అన్న అంకె రెండింటిలోనూ ఒకటే కావచ్చు. చేతికి మిగిలేది మాత్రం ఒకటి కాదు. ఈ తేడా మెడికల్ కాలేజీలో ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చూడాలి.

జీతమైతే ఏడాదికి 18 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 17.25 లక్షల మీద కొత్త విధానంలో సెస్సుతో కలిపి పన్ను సుమారు 1,50,800. ప్రొఫెషనల్ ఫీజైతే ఆస్పత్రి 194జె కింద ప్రతి నెలా 10 శాతం, అంటే 15,000 కోసి 1.35 లక్షలు చేతికిస్తుంది. చూడ్డానికి ఇది నష్టంలా కనబడుతుంది. కానీ వైద్యవృత్తిలో ఉన్నవారు 44ఏడీఏ కింద మొత్తం రాబడిలో కనీసం సగాన్ని ఆదాయంగా చూపి, లెక్కల పుస్తకాలు లేకుండా రిటర్న్ వేయవచ్చు. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉండాలి, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా కుదురుతుంది. 18 లక్షల్లో సగం 9 లక్షలు, అది 12 లక్షల లోపు కాబట్టి పన్ను సున్నా. ఆస్పత్రి కోసిన 1.8 లక్షలూ రీఫండ్‌గా తిరిగి వస్తాయి. రాబడి 24 లక్షల దాకా ఇదే పరిస్థితి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్ల నంబర్లను మార్చింది. అందరికీ అలవాటైన పాత నంబర్లే ఇక్కడ వాడాం.

ఇంత తేడా ఉంది కదా అని ఫీజు కాగితమే మంచిదని తేల్చేయకూడదు. జీతంలో పీఎఫ్ ఉంటుంది, సెలవు ఉంటుంది, ప్రసూతి సెలవు ఉంటుంది, గ్రాట్యుటీ ఉంటుంది. పెళ్లి, పిల్లలు అనుకునే వయసులో ఉన్న డాక్టరమ్మకు ఆరు నెలల జీతంతో కూడిన సెలవు లక్షన్నర పన్ను కంటే ఎక్కువ విలువైనది. ఫీజు మీద ఉన్నవారికి ఆస్పత్రికి వెళ్లని రోజు ఆదాయం లేని రోజు. అదీ కాక, కాంట్రాక్టు పేరు ప్రొఫెషనల్ ఫీజు అని ఉన్నా, డ్యూటీ వేళలు, సెలవులు, క్రమశిక్షణ అన్నీ ఉద్యోగంలాగే ఉంటే పన్ను అధికారులు దాన్ని జీతంగా చూసే అవకాశం ఉంది. సంతకానికి ముందు ఒక సీఏకి చూపించడానికి అయ్యే ఫీజు మొదటి నెల జీతంలో చిన్న భాగమే.

ఎంజీ గురించి ఇంకో మాట. గ్యారంటీ గడువు అయిపోయాక బిల్లులో వాటా మీద బతకాలి. ఆ వాటా ఏ అంకె మీద? రోగి కట్టిన మొత్తం మీదా, ఇన్సూరెన్స్ కంపెనీ కోతలు పోయాక మిగిలిన దాని మీదా? ఆస్పత్రికి డబ్బు వచ్చాకే డాక్టర్‌కి ఇస్తారా, నెలాఖరుకి ఇస్తారా? సాయంత్రం వేరే క్లినిక్‌లో కూర్చోవడానికి ఒప్పుకుంటారా? మానేయాలంటే ఎన్ని నెలల నోటీసు? ఇవన్నీ సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్నలు. కొత్త కన్సల్టెంట్ ఎంజీ అంకె చూసి దాని మీద ఫ్లాట్ ఈఎంఐ పెట్టుకుంటే, ఏడాది తర్వాత రాబడి సగానికి పడినప్పుడు పరిస్థితి చాలా కష్టమవుతుంది. ఎంజీ నడిచే నెలల్లో దాన్ని 70 శాతం జీతంగా మాత్రమే అనుకుని, మిగతాది ఆరు నెలల ఖర్చులకు సరిపడా పక్కన పెట్టడం మంచి పద్ధతి. డబ్బు పొదుపు ఖాతాలోనో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో ఉంటే సరిపోతుంది.

జీతం ఎంచుకుని పెద్ద విద్యా రుణం ఉన్నవారు పాత, కొత్త విధానాలు రెండూ లెక్క వేసి చూడాలి. పైన చెప్పిన 58 లక్షల లోన్ మొదటి ఏడాది వడ్డీ దాదాపు 5.7 లక్షలు. 18 లక్షల జీతంలోంచి దాన్ని, 80సీ కింద (పీఎఫ్, జీవిత బీమా లాంటి పొదుపులకు ఇచ్చే మినహాయింపు) 1.5 లక్షలను తగ్గిస్తే పాత విధానంలో పన్ను సుమారు 1,26,000 అవుతుంది, అంటే కొత్త విధానం కంటే తక్కువ. 80సీ లేకపోతే లెక్క తిరగబడి కొత్త విధానమే మేలవుతుంది.

అందరూ మరచిపోయే బీమా

1995లో సుప్రీంకోర్టు ఐఎంఏ (డాక్టర్ల సంఘమైన ఇండియన్ మెడికల్ అసోసియేషన్) వర్సెస్ వి.పి. శాంత కేసులో వైద్యసేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయని తేల్చింది. 2013లో కోల్‌కతాకు చెందిన ఒక కేసులో అదే కోర్టు ఆరు కోట్లకు దగ్గరగా పరిహారం, దాని మీద వడ్డీ ఇప్పించింది. అలాంటి మొత్తాలు అరుదు. కానీ కేసు గెలిచినా లాయర్ ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు తప్పవు. కొత్త డాక్టర్ దగ్గర పొదుపు లేదు, అప్పు ఉంది. కాబట్టి ఇలాంటి కేసుల ఖర్చు, పరిహారం భరించే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ సీనియర్ల కంటే అతనికే ఎక్కువ అవసరం.

ఆస్పత్రికి పాలసీ ఉంది కదా అనుకోవడం ఇక్కడ మొదటి పొరపాటు. ఆస్పత్రి పాలసీ ముందు ఆస్పత్రిని కాపాడుతుంది. ఫీజు మీద పనిచేసే కన్సల్టెంట్, ఒక రాత్రికి లోకం డ్యూటీకి (ఇంకో డాక్టర్ బదులు చేసే తాత్కాలిక డ్యూటీ) వెళ్లిన డాక్టర్ అందులో ఉన్నారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రెండో పొరపాటు పాలసీని మధ్యలో ఆపడం. ఈ పాలసీలు సాధారణంగా క్లెయిమ్ వచ్చిన రోజున అమల్లో ఉంటేనే పనిచేస్తాయి. 2026లో చేసిన ఆపరేషన్ మీద 2028లో నోటీసు వస్తే 2028లో పాలసీ నడుస్తూ ఉండాలి, పైగా 2026 నాటి పనికి వర్తించే రెట్రోయాక్టివ్ తేదీ అందులో ఉండాలి. కంపెనీ మారినా ఆ తేదీ అలాగే కొనసాగేలా అడిగి రాయించుకోవాలి. విదేశానికో సూపర్ స్పెషాలిటీకో వెళ్లేటప్పుడు పాలసీ ఆపేసేవారు ఈ సంగతి తెలియక దెబ్బతింటారు.

టర్మ్ పాలసీ (గడువులోపు చనిపోతేనే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) కూడా చదువు అప్పుతో ముడిపడిందే. ఆ అమ్మాయికి ఏదైనా జరిగితే 58 లక్షల లోన్ పోదు, సహ రుణగ్రహీత అయిన తండ్రి మీద, తాకట్టులో ఉన్న పొలం మీద పడుతుంది. పెళ్లి కాలేదు, నా మీద ఆధారపడేవాళ్లు ఎవరూ లేరు అనుకునే 27 ఏళ్ల డాక్టర్ మీద ఒక అప్పు, ఒక పొలం, ఇద్దరు పెద్దవాళ్లు ఆధారపడి ఉన్నారు. కనీసం అప్పు అంత టర్మ్ కవర్ తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేశారు. చిన్న వయసులో, షుగర్, బీపీ రాకముందు తీసుకుంటే ప్రీమియం తక్కువలో స్థిరపడిపోతుంది. సర్జరీ బ్రాంచిలో ఉన్నవారికి చేతికి గాయమైతే ఉపాధే పోతుంది కాబట్టి ప్రమాద వైకల్య కవర్ కూడా చూడాలి.

టర్మ్ పాలసీ అమ్మితే ఏజెంటుకు వచ్చేది తక్కువ. అందుకే డ్యూటీ రూముకు వచ్చే ఏజెంట్లు, సీనియర్ డాక్టర్ ఫోన్ నంబరు పట్టుకుని వచ్చే బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజర్లు ఎండోమెంట్, యులిప్ పాలసీల గురించే మాట్లాడతారు. రాబడి బీమా కలిపి అన్నది వినడానికి బాగుంటుంది, చివరికి రెండూ అరకొరే. 24 గంటల డ్యూటీ దిగి అలసిపోయిన వేళ సంతకం పెట్టేసినవారికి ఒక దారి ఉంది. పాలసీ చేతికి వచ్చిన 30 రోజుల లోపు ఫ్రీలుక్ కింద వెనక్కి ఇచ్చేయవచ్చు.

డాక్టర్ల దగ్గర డబ్బు ఉంటుందని, లెక్కలు చూసే తీరిక ఉండదని ఊరంతా తెలుసు. పెద్ద రాబడి ఆశ చూపే మోసాలు అందుకే వాళ్ల దాకా వస్తాయి. 2019 జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ జ్యువెల్స్ (డాక్టర్ల సంఘంతో సంబంధం లేని మదుపు సంస్థ) కుప్పకూలినప్పుడు వేలాదిమంది మదుపరులు శివాజీనగర్‌లో దాని ఆఫీసు ముందు నిలబడ్డారు. మరుసటి ఏడాది జనవరిలో బసవనగుడిలోని ఒక సహకార బ్యాంకు మీద రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు, ఎక్కువ వడ్డీ ఆశతో పదవీ విరమణ డబ్బంతా దాచుకున్న పెద్దవాళ్లు అల్లాడిపోయారు. ఏ బ్యాంకులోనైనా ఒక వ్యక్తికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉంటుంది. తల్లిదండ్రుల డబ్బు ఎక్కడ ఉందో కూడా డాక్టర్ పిల్లలు చూడాల్సిన విషయమే.

ఊళ్లో స్నేహితులతో కలిసి నర్సింగ్ హోమ్ పెట్టడం చాలామంది కల. నంద్యాలలోనో మదనపల్లెలోనో డాక్టర్ల కొరత ఉన్న మాట నిజం, ఆ కల మంచిదే. కానీ భాగస్వామిగా బ్యాంకు లోన్‌కి పర్సనల్ గ్యారంటీ ఇస్తే, వాటా పది శాతమే అయినా బాధ్యత మొత్తం అప్పుకీ ఉంటుంది. విద్యా రుణం తీరకముందు ఆ సంతకం పెట్టకపోవడం మేలు.

ఇక మిగిలింది అప్పు తీర్చే వేగం. 62,300 ఈఎంఐకి నెలకు 20,000 కలిపి కడితే 15 ఏళ్ల లోన్ దాదాపు 9 ఏళ్లకే తీరిపోతుంది, వడ్డీలో సుమారు 24 లక్షలు మిగులుతాయి. ఫ్లోటింగ్ వడ్డీ ఉన్న వ్యక్తిగత రుణాలకు ముందుగా కట్టినందుకు జరిమానా ఉండదు. టీడీఎస్ రీఫండ్ వచ్చిన ప్రతి ఏడాదీ ఆ డబ్బు మొదట చేబదులుకు, అది అయిపోయాక ఇటు మళ్లిస్తే వేగం ఇంకా పెరుగుతుంది. కొందరు అప్పు పూర్తిగా తీరాకే మదుపు అంటారు. నెలకు 5,000 అయినా ఇండెక్స్ ఫండ్‌లోనో పీపీఎఫ్‌లోనో పక్కపక్కనే నడవడం మంచిది, ఎందుకంటే ముందు చెప్పిన ఐదేళ్లు ఇవే.

చివరి వాయిదా కట్టిన రోజు బ్యాంకు దగ్గర అడగాల్సినవి కొన్ని ఉంటాయి. బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోవాలి, సిబిల్‌లో లోన్ మూసినట్టు నమోదైందో లేదో చూసుకోవాలి, తాకట్టు పెట్టిన పొలం మీద సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్న చార్జ్ తీయించాలి. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం అప్పు తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. బ్రాంచిలో ఆ గడువును గుర్తుచేసి, కాగితాలు తండ్రి చేతికే వచ్చేలా చూసుకోవాలి.